రేటెంత అని కాదు, ఇంటికెంత చేరుతుందని అడగండి

జీతం పడిన సాయంత్రం మా రూమ్‌లో మొదట వినిపించే మాట "అన్నా, ఇయ్యాల రేటెంతుంది?" అంటే ఇక్కడి డబ్బు ఒక దిర్హమ్ ఇంటికి పంపితే ఎన్ని రూపాయలని. దుబాయ్ వచ్చిన కొత్తలో నేనూ అదే అడిగేవాణ్ణి. ఫోన్‌లో రేటు చూసుకుని దుబాయ్‌లోనే దేరా అనే చోట, డబ్బు ఇంటికి పంపే ఎక్స్ఛేంజ్‌కి పోతే బోర్డు మీద అంతకంటే తక్కువ ఉండేది, మోసం చేస్తున్నారనుకుని కడుపు మండేది. ఫోన్‌లో కనిపించేది బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాల్లో కొనే, అమ్మే ధరలకు మధ్య రేటని తర్వాత తెలిసింది. మన వెయ్యి దిర్హమ్‌లకు ఆ రేటు దొరకడం కష్టం. ఆ తేడా వాళ్ళ లాభం, ఫీజు దానిపైన.

మొన్న మా రూమ్ తమ్ముడు, మా జగిత్యాల వైపు పిల్లాడే, "అన్నా, అక్కడ పది పైసలు ఎక్కువిస్తున్నరు" అని బయల్దేరుతుంటే ఆపి, పాత రసీదు వెనక లెక్క వేసి చూపించాను. ఒకచోట రేటు 23.05, ఫీజు 20 దిర్హమ్‌లు అనుకుందాం. ఇంకోచోట 22.95, ఫీజు లేదు. చేతిలో వెయ్యి ఉంటే మొదటిచోట ఫీజు పోను 980కే లెక్క, 22,589 రూపాయలు. రెండోచోట 22,950. రేటు తక్కువున్న చోటే 361 రూపాయలు ఎక్కువ! అదే 5,000 పంపితే లెక్క తిరగబడుతుంది, మొదటిచోట 1,14,789, రెండోచోట 1,14,750. అందుకే కౌంటర్‌లో "ఈ మొత్తం ఇస్తే మా ఇంటి అకౌంట్‌లో ఎన్ని రూపాయలు పడతాయి?" అని అడగండి, రెండు మూడు చోట్ల అడగండి.

దిర్హమ్‌ను 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేశారు, అది కదలదు. కదిలేది డాలర్‌తో మన రూపాయి విలువ, కాబట్టి డాలర్ పెరిగిందంటే దిర్హమ్ కూడా పెరిగినట్టే.

నాకు నిజంగా బాధనిపించేది ఇంకోటి. ఇంటి దగ్గర వీసా కోసం తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీతో పెరుగుతుంటే, ఇక్కడ రేటు పెరుగుతుందని వారాలకు వారాలు డబ్బు పెట్టెలో పెట్టుకుని కూర్చుంటారు. ఆ 5,000 దిర్హమ్‌లతో తీరిపోయే లక్షా పదిహేను వేల అప్పు మీద నెలకు 2,300 వడ్డీ, అంటే వారానికి ఐదు వందల పైనే. రేటు 10 పైసలు పెరిగితే 5,000 దిర్హమ్‌ల మీద వచ్చేది 500. పెరగకపోతే అదీ లేదు, తగ్గితే రెండు విధాలా నష్టం. అప్పున్నవాళ్ళు జీతం పడగానే పంపేయండి తమ్ముళ్ళూ, అప్పు లేనివాళ్ళు కావాలంటే ఆగండి.

రేటు ఎక్కువిస్తామని హవాలా వాళ్ళు, అంటే బ్యాంకు, రసీదు లేకుండా చేతుల మీదుగా డబ్బు చేర్చేవాళ్ళు, కార్మికులుండే క్యాంపుల చుట్టూ తిరుగుతుంటారు, వాళ్ళ జోలికి మాత్రం పోవద్దు. అలా డబ్బు తెప్పించుకోవడం మన దేశంలో చట్టానికి విరుద్ధం, పైగా డబ్బు చేరకపోతే ఎవరినీ అడగలేం. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చిన రసీదు అక్కడే ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి, డబ్బు పడ్డాక ఆ అంకె సరిపోయిందో లేదో అమ్మనో చెల్లెనో చూసి చెప్పమనండి.