నాన్నగారి పెట్టె, నా మూడో రోజు జలుబు

ఈ రోజు బుధవారం. జలుబు పట్టుకొని మూడో రోజు. తెల్లవారుజామున నాలుగింటికే తుమ్ములతో మెలకువ వచ్చేసింది. ముక్కు కారడం, కళ్ళు మండడం, గొంతులో గరగర తప్ప జ్వరమేమీ లేదు. నేను వంటింట్లో వేణ్ణీళ్ళు పెట్టుకుంటూ ఉండగా మావారు పడకగది అలమరలోంచి నాన్నగారి హోమియో పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇలా కళ్ళూ ముక్కూ కలిసి కారుతుంటే మీ నాన్నగారు ఏమిచ్చేవారు?" అని అడిగారు. అల్లియం సెపా ఇచ్చేవారు. అది మరేమీ కాదు, ఉల్లిపాయ. ఉల్లిపాయ తరిగేటప్పుడు కళ్ళూ ముక్కూ ఎలా కారతాయో అలా కారే జలుబుకు ఆ ఉల్లిపాయనే అతి పలచగా చేసి ఇవ్వాలన్నది హోమియోపతి మూలసూత్రం. 'విషస్య విషమౌషధం' అన్న మాట మనకు ముందే అలవాటై ఉండబట్టే, హానిమన్ అనే జర్మన్ వైద్యుడు 1796లో ప్రతిపాదించిన ఈ పద్ధతి గుడివాడ చుట్టుపక్కల పల్లెటూళ్ళ అరుగుల మీద అంత సులువుగా చోటు సంపాదించుకున్నదని నాకు అనిపిస్తుంది.

నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. బడి వదిలాక సాయంత్రం అరుగు మీద కూర్చొని, డబ్బు పుచ్చుకోకుండా మందులిచ్చేవారు. ఆ కాలంలో అలా పుస్తకాలు చదువుకొని మందులిచ్చే మేష్టర్లూ పోస్టుమాస్టర్లూ చాలా ఊళ్ళలో ఉండేవారు. (సినిమాల్లో నవ్వించిన అల్లు రామలింగయ్య గారు కూడా హోమియో వైద్యం చేసేవారనీ, రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ హోమియో కళాశాలకు ఆయన పేరే ఉన్నదనీ చెబితే మా మనవరాలు ఒక పట్టాన నమ్మలేదు.) ఈ పెట్టెను నాన్నగారు పూజగదికి దూరంగా ఉంచేవారు, ఎందుకంటే కర్పూరం వాసన తగిలితే మందు చెడిపోతుందని నమ్మకం. గుళికలను చేత్తో తాకకూడదు, మూతలో పోసుకొని నాలుక మీద వేసుకోవాలి. మందు వాడినన్నాళ్ళూ కాఫీ, వెల్లుల్లి మానాలి. పంచదార గుళికల కోసం లేని కడుపునొప్పి తెచ్చుకొన్న రోజులు నా చిన్నతనంలో తక్కువేమీ కావు.

మావారు అడిగారు గానీ నేను ఆ సీసా మూత తియ్యలేదు. ఉన్నత పాఠశాలలో ఇరవై ఆరేళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, ఆ సీసా మీది '30' అనే అంకె నన్ను ఊరుకోనివ్వదు. ఒక చుక్క మూలద్రవాన్ని తొంభై తొమ్మిది చుక్కల ఆల్కహాలులో కలిపి కుదిపితే అది ఒకటో పొటెన్సీ. అందులోంచి ఒక చుక్క తీసి మళ్ళీ తొంభై తొమ్మిది చుక్కల్లో కలిపితే రెండోది. ఇలా ముప్పై సార్లు చేస్తే అసలు పదార్థం 1 పక్కన 60 సున్నాలు పెట్టినంత వంతు పలచబడుతుంది. ఒక మోల్ (రసాయనశాస్త్రంలో పదార్థాన్ని కొలిచే ప్రమాణం) పదార్థంలో ఉండే అణువులు 6.022 × 10²³ మాత్రమే కనుక పన్నెండో మెట్టు (24 సున్నాలు) దాటేసరికే ఉల్లిపాయ తాలూకు ఒక్క అణువైనా మిగిలి ఉండే ఆశ దాదాపుగా పోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లెక్కను పలక మీద వేసి నాన్నగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకొని ఓపికగా చూసి, "లెక్క నువ్వన్నట్టే ఉండవచ్చమ్మా, కానీ రేపు సాయంత్రం అరుగెక్కే మనిషికి నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా" అన్నారు. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

తొమ్మిదింటికి పై అంతస్తు అమ్మాయి పద్నాలుగు నెలల బాబును చంకనేసుకొని వచ్చింది. రాత్రి నుంచి ఆరేడు విరేచనాలట. "ఆంటీ, మీ దగ్గర హోమియో మందులుంటాయని అంకుల్ చెప్పారు, చిన్నపిల్లలకు అదైతే ఏ హానీ చెయ్యదు కదా" అన్నది. అది పిల్లవాడికి హాని చేసేది కాకపోవచ్చు, దాన్ని నమ్ముకొని పోగొట్టుకొనే పూట హాని చేస్తుంది. పెట్టె మూత వేసి, బాబు ఏడుస్తుంటే కన్నీళ్ళు వస్తున్నాయో లేదో, నోరు తడిగా ఉన్నదో లేదో, పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటున్నదో లేదో చూశాను. ఇంట్లో ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టిస్తూ ఉండమనీ, తల్లిపాలు ఆపవద్దనీ చెప్పి, పదింటికల్లా పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. అక్కడ జింకు మాత్ర రాసి, విరేచనాలు తగ్గినా సరే పద్నాలుగు రోజులూ వెయ్యాలన్నారట.

మధ్యాహ్నం పడుకుందామంటే ముక్కు మూసుకుపోయి నిద్ర రాలేదు. పెట్టె అడుగున నాన్నగారి నోటుపుస్తకం ఉంటుంది, అది తీసుకొని కూర్చున్నాను. ముందు వైపు నుంచి 'అప్పటివి' (అప్పటికప్పుడు వచ్చే జబ్బులు), వెనక వైపు నుంచి 'పాతవి' (దీర్ఘవ్యాధులు) అని ఆయన రెండు రకాలుగా రాసుకొనేవారు. ముందు వైపున ఒక్కొక్కరికి ఒక్క వరుస: "జ్వరం హఠాత్తుగా. ముఖం ఎరుపు, తల వేడి. బెల్లడోన 30." "కొబ్బరిచెట్టు మీంచి జారాడు, కమిలింది. ఆర్నికా 30." చివర ఫలితం అనే గడిలో "మూడో రోజుకు తగ్గింది", "నాలుగో రోజుకు తగ్గింది" అని వరుసగా పేజీల కొద్దీ ఉన్నది. విచిత్రమేమిటంటే హానిమన్ తానే తన మూలగ్రంథమైన ఆర్గనాన్ 72వ సూత్రంలో, అప్పటికప్పుడు వచ్చే జబ్బులకు కొద్ది కాలంలోనే తమ పరుగు తాము ముగించుకొనే స్వభావం ఉంటుందని రాశాడు. అటువంటప్పుడు మూడో రోజున తగ్గిన జ్వరం బెల్లడోనకు తలవంచిందో, తన పరుగు తాను ముగించుకొన్నదో ఈ నోటుపుస్తకం ఎన్నటికీ చెప్పలేదు. మందు ఇవ్వనివాళ్ళ వరుస ఇందులో లేదు కదా.

వెనక వైపు తిప్పితే అది వేరే లోకం. అక్కడ ఒక్కొక్క మనిషికి మూడేసి పేజీలు. నడివయసు వితంతువు ఒకామె గురించి ఇలా ఉన్నది: "తలనొప్పి, పదకొండేళ్ళు. ఎండలో ఎక్కువ. మజ్జిగలో అందరికంటే ఎక్కువ ఉప్పు. ఓదారిస్తే కోపం. ఎవరూ లేనప్పుడు ఏడుస్తుంది. నేట్రం మూర్ 200, ఒక్క మోతాదు." నేట్రం మూర్ అంటే మనం తినే ఉప్పే. నెల తరవాత: "నిద్ర పడుతున్నదట. చాలాసేపు మాట్లాడింది." మరో నెలకు: "నొప్పి ఉన్నది గానీ మునుపటంత లేదు." దీర్ఘవ్యాధులు ఎంత మందిచ్చినా తిరగబెడుతూనే ఉండటం చూసి హానిమన్ 1828లో వాటి మీద ప్రత్యేకంగా గ్రంథం రాసి, అన్నిటికీ మూలం సోరా, సైకోసిస్, సిఫిలిస్ అనే మూడు దోషాలని సిద్ధాంతం చేశాడు. అందులో సోరాను అణిచివేసిన గజ్జితో ముడిపెట్టాడు. గజ్జి చర్మం కింద సొరంగం తవ్వే పురుగు వల్ల వస్తుందని పాఠం చెప్పిన నాకు ఆ సిద్ధాంతం మింగుడుపడదు. అయితే ఆ పదకొండేళ్ళలో ఒంటరిగా ఏడుస్తావా అని ఆమెను అడిగినవాళ్ళు నాన్నగారు కాక మరెవరైనా ఉన్నారా అన్న ప్రశ్న మాత్రం ఆ పేజీ దగ్గర నన్ను చాలాసేపు ఆపేసింది. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏ ఒక్క జబ్బు విషయంలోనూ లేదని తేల్చింది, దానిని నేను ఒప్పుకుంటాను. ఆమెకు నిద్ర పట్టిందన్న మాటనూ కాదనలేను, కాకపోతే ఆ నిద్రను ఉప్పు ఖాతాలో వెయ్యలేను.

ఆ వైపు పేజీల్లో కొన్నిచోట్ల మందు పేరు ఉండవలసిన గడిలో "పంపించాను" అని ఒక్క మాటే ఉన్నది. గుండె నొప్పి, పంపించాను. నెల దాటిన దగ్గు, కళ్ళెలో రక్తపు జీర, పంపించాను. చక్కెర జబ్బు, ఇంజెక్షను ఆపవద్దన్నాను, పంపించాను. ఇది చదివినప్పుడల్లా మా చిన్నక్క గుర్తుకు వస్తుంది. థైరాయిడ్ మాత్ర జీవితాంతం ఎందుకు, వేళ్ళతో సహా తీసేస్తామని ఒక హోమియో వైద్యుడు చెబితే నమ్మి ఆరు నెలలు మానేసింది. ముఖం ఉబ్బి, గొంతు మొరటుబారి, ఎండాకాలంలో దుప్పటి కప్పుకొంటూ, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరచిపోయే స్థితికి వచ్చాక గాని ఆసుపత్రికి తీసుకువెళ్ళలేకపోయాము. మధ్యలో అడిగితే, జబ్బు ముందు ముదిరి తరవాత తగ్గుతుందని ఆయన చెప్పాడట. నాన్నగారు బతికి ఉంటే ఆ మనిషి మీద అరిచి ఉండేవారు.

సాయంత్రం మోకాళ్ళ వ్యాయామం చేసుకున్నాను. నావి కుర్చీలోంచి లేవగానే పట్టేసి, నాలుగు అడుగులు వేశాక వదులయ్యే మోకాళ్ళు. నాన్నగారి లెక్కలో ఇది రస్‌టాక్స్ అనే మందు ఇవ్వవలసిన నొప్పి; కదిలితే చాలు ఎక్కువయ్యేదైతే మందు బ్రయోనియా. మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు చాలామంది సరిగ్గా ఇలాగే చెబుతారని ఫిజియోథెరపిస్టు అన్నప్పుడు, పాతకాలపు హోమియో వైద్యులు ఎంత శ్రద్ధగా చూసేవారో కదా అనుకున్నాను. కాలు చాచి, తొడ కండ బిగించి, పది లెక్కపెట్టి వదలాలి. ఇప్పటికి నాలుగు నెలలైంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా కటకటలాడుతున్నాయి గానీ ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకోవడం లేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు పై అంతస్తు అమ్మాయి మెట్ల మీది నుంచే, "ఆంటీ, రెండుసార్లు ఒంటేలు పోశాడు, ఇప్పుడే పాలు తాగి పడుకున్నాడు" అని కేక వేసింది. నోటుపుస్తకం ముందు వైపున మిగిలి ఉన్న ఖాళీ పేజీలో నాన్నగారి పద్ధతిలోనే రాశాను: "జలుబు, మూడో రోజు. ముక్కు, కళ్ళు కారడం. వేణ్ణీళ్ళు, ఆవిరి. మందు లేదు." ఫలితం గడి ఖాళీగా వదిలి, పెట్టెను మళ్ళీ పూజగదికి దూరంగా, దాని చోట పెట్టాను.