ఎడమకు ఆరు, కుడికి నాలుగు

బూట్ల దుకాణంలో ఒక్కో కాలికి ఒక్కో సైజు విడిగా అమ్మరన్న విషయం మీద ఇంత కోపం రావడం నాకే విచిత్రంగా ఉంది, కానీ అది రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు. నా దగ్గరికి చికిత్సకు వచ్చే, పుట్టుకతోనే ఎడమ కాలూ చెయ్యీ బిగుసుకున్న పదమూడేళ్ల పిల్లకు చీలమండ స్ప్లింటు, అంటే పాదం కిందికి వాలిపోకుండా పట్టి ఉంచే తొడుగు, కొత్తగా చేయించాం. దాని మీద బూటు పట్టాలంటే ఎడమ కాలికి ఆరో నంబరు కావాలి, కుడి కాలికి నాలుగు సరిపోతుంది. అంటే రెండు జతలు కొని సగం పారెయ్యాలి. వారమంతా నల్ల బూట్లు, శనివారం తెల్లవి అన్నది బడివాళ్ల నియమం కనుక లెక్క నాలుగు జతలకు చేరింది. పట్టీల చెప్పులతో పంపితే గేటు దగ్గరే ఆపి తల్లికి ఫోను చేశారట. పిల్లల అవసరాన్ని బట్టి బడులు వెసులుబాటు కల్పించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఒక జత చెప్పుల కోసం చట్టాన్ని ఉటంకించవలసి రావడమే నా చిరాకు.

సరే, బడివాళ్లకు ఉత్తరం రాద్దామని కలం తీస్తే ఆ పిల్ల, "రాయకండి మేడమ్. బడికి నేను స్ప్లింటు వేసుకోను. ఇంట్లో, రాత్రి పూట వేసుకుంటాను" అంది. తల్లి కసిరింది; నాకూ ఒళ్లు మండింది. ఈ వయసులో ఎముక చకచకా ఎదుగుతుంది, బిగువున్న పిక్క కండరం దానితో సమానంగా సాగదు, మడమ నేలకు ఆనకుండా పోతుంది. చిన్నతనమంతా కష్టపడి తెచ్చుకున్న నడక ఎదిగే ఏడాదిలో చెడిపోవడం మేము తరచూ చూసేదే.

ఇంటికి వస్తూంటే మా మేనత్త గుర్తొచ్చింది. పోలియో వచ్చిన కాలికి తాతయ్య ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, బరువైన బూటు ఉన్న కాలిపర్ చేయించారు. అత్త దాన్ని గాదె పక్కన నిలబెట్టేసి, అరచేత్తో తొడను వెనక్కి నొక్కుకుంటూ కుట్టు మిషన్ల దాకా నడిచి వెళ్లేది. తొడ ముందు కండరంలో బలం లేనివారు మోకాలు మడతపడకుండా అలా ఆపుకుంటారని కాలేజీలో పాఠం చెప్పినప్పుడు, ఎవరూ నేర్పకుండానే అత్తకు ఇది ఎలా తెలిసిందా అనుకున్నాను. పెళ్లిచూపుల నాడు మాత్రం నానమ్మ పట్టుబట్టి చీర కుచ్చిళ్ల కింద కాలిపర్ కట్టించింది. అత్త కాఫీ పళ్లెంతో వస్తూంటే మోకాలి కీలు టకటకమంది, వచ్చినవాళ్లు తలలు దించుకుని ఆ చప్పుడే విన్నారు. ఆ తర్వాత అత్త దాన్ని ముట్టుకోలేదు. నానమ్మ చాలా ఏళ్లు అది అత్త మొండితనమనే చెప్పుకుంది, నేనూ నమ్మాను.

అన్నాలయ్యాక మళ్లీ ఆలోచించాను. పిక్క లోపలి కండరం రోజుకు ఆరు గంటలకు పైగా సాగి ఉన్న పిల్లల్లో అది కురచబడలేదని 1988లో ఫ్రెంచి పరిశోధకులు ప్రచురించిన చిన్న పరిశీలన ఒకటుంది. ఆ లెక్కన పిల్ల అడిగింది మరీ తోసిపుచ్చవలసిన మాటేమీ కాదు. అయితే స్ప్లింటు ఉన్నది సాగదీయడానికే కాదు, అడుగు వేసేటప్పుడు వేళ్లు నేలకు తగలకుండా కాయడానికి కూడా. ఆ బడి తరగతి గది రెండో అంతస్తులో ఉంది. అందుకని ఈసారి స్ప్లింటు లేకుండా మెట్లు ఎక్కించి, దింపించి చూస్తాను. వేళ్లు మెట్లకు తగలకపోతే బడిపూట వదిలేయమంటాను, తగిలితే ఎందుకు వదలొద్దంటున్నానో తల్లికి కాదు, పిల్లకే చెప్పాలి. ఉత్తరం రాసి పిల్ల చేతికే ఇస్తాను, బడిలో ఇవ్వడమో చింపెయ్యడమో ఆమె ఇష్టం.