స్ట్రాతో ఊపిరి

కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో బస్సు ఆగితే చాలు, నాకు గుండె దడ. చేతులు చల్లబడేవి, పెదాలు తిమ్మిరెక్కేవి, ఇక ప్రాణం పోతోందనే అనిపించేది. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, అమ్మ దిష్టి అంది. చివరికి సైకియాట్రిస్టు పానిక్ డిజార్డర్ అని తేల్చి, ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర రాసి, కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళమన్నారు.

మొదట కలిసిన కౌన్సెలర్ సలహాలివ్వలేదు, తప్పొప్పులు ఎంచలేదు. విన్నారు, అంతే. అది అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పద్ధతట. నాన్న పోయినప్పుడు ఎవరి ముందూ ఏడవలేదు నేను. అక్కడ తనివితీరా ఏడ్చాను. మనసు తేలికపడింది. వారధి మీద దడ మాత్రం తగ్గలేదు. ఆవిడే నన్ను ఓ క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఈవిడది సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. అమెరికాలో ఆరన్ బెక్ 1960లలో డిప్రెషన్ కోసం మొదలుపెట్టినది; పానిక్‌లో మనసు చేసే తిరకాసును బ్రిటిష్ సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో వివరించారు. దడ రాగానే "ఇది గుండెపోటే" అనుకుంటాం, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది.

"ముక్కు మూసుకుని ఈ స్ట్రాతో ఒక్క నిమిషం ఊపిరి పీల్చండి" అన్నారు. తర్వాత గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీలో గిరగిరా తిప్పారు. కళ్ళు తిరిగాయి, గుండె కొట్టుకుంది.

"బస్సులో వచ్చేది ఇదేనా?"

"ఇదే మేడమ్."

"పోయారా మరి?"

నవ్వొచ్చేసింది. అన్నిటికన్నా కష్టమైంది పర్సులోని సార్బిట్రేట్ (గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) స్ట్రిప్ తీసేయడం. ఎవరూ రాసివ్వలేదు, నేనే దాచుకున్నాను. "అది ఉన్నన్నాళ్ళూ, దానివల్లే బతికాననుకుంటారు" అన్నారావిడ. అది లేకుండా బస్సెక్కే ముందు ఏమవుతుందనుకుంటున్నానో నోటుబుక్కులో ఎడమవైపు, దిగాక నిజంగా ఏమైందో కుడివైపు రాయమన్నారు. కుడివైపు చాలాసార్లు రాసింది ఒకటే: "చెమట పట్టింది, ఆఫీసుకి వెళ్ళాను." సైకియాట్రిస్టు రాసిన మాత్రను మాత్రం నేనుగా మానలేదు. డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తూ ఆపించారు.

ఏ థెరపీ మంచిదని ఇప్పుడు చుట్టాలు అడుగుతుంటారు. నా దుఃఖానికి ఆవిడ, నా దడకి ఈవిడ పనికొచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇస్తాను; తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవాళ్ళకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోమంటాను. ఏ పద్ధతిలో చేస్తారో, ఇంటి దగ్గర చేయాల్సిన పనేమైనా ఇస్తారో ముందే అడగమంటాను. ఆ ప్రశ్నకి విసుక్కునే చోట నేనైతే ఫీజు కట్టను.