గరుకు చోట ఎముక పట్టాలి

ఆయాసానికి ఏళ్ల తరబడి వేసుకున్న స్టెరాయిడ్ మాత్రల వల్లే అయ్యుండొచ్చన్నారు, నా ఎడమ తుంటి బంతికి రక్తం అందడం మానేసింది. ఏవీఎన్ అంటారు. మొదట గజ్జల్లో సలుపు, తర్వాత మోకాల్లో. తుంటి జబ్బు మోకాలి నొప్పిగా కనిపించడం మామూలేనట. విజయనగరంలో గంటస్తంభం దాకా కూడా నడవలేని స్థితి వచ్చాక కీలు మార్పిడికి ఒప్పుకున్నాను.

కొత్త కీలు కోసం తొడ ఎముక లోపలికి దించే కడ్డీ నమూనా ఒకటి డాక్టరు గారు చేతిలో పెట్టారు. టైటానియం మిశ్రమం. పైభాగం గరగరలాడుతోంది, గోరు పెడితే గీరుకుంటోంది. మెడా, కింది కొనా మాత్రం నున్నగా ఉన్నాయి.

"ఒకే కడ్డీకి ఇన్ని రకాలేంటి సార్?"

"కడ్డీని ఎముకకి అతికించే సిమెంటు నీకు వెయ్యట్లేదు బాబూ. గరుకు చోట నీ ఎముకే వచ్చి పట్టుకోవాలి. మెడ దగ్గర ఏదీ పట్టుకోకూడదు."

ఆ గరుకు మీద హైడ్రాక్సీఅపటైట్ పూత ఉంటుంది. మన ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ బాపతే అది. ఎముక కణాలు తేలిగ్గా అతుక్కుంటాయి. మరి మొత్తం గరుకు చేసేస్తే పోలా? క్రిములకూ గరుకే అనువు. పైగా ఎప్పుడైనా తియ్యాల్సి వస్తే ఎముక చీల్చాలి.

అసలు కష్టం వాకర్ రోజులది. ఎముక పట్టేలోపు కడ్డీ లోపల 150 మైక్రాన్లు దాటి కదులుతుంటే, అంటే మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతు, ఎముక బదులు పీచు పొర అల్లుకుంటుందట. అప్పుడు కడ్డీ వదులే. అది విన్నాక ఫిజియో చెప్పిన అడుగు దాటలేదు. మా పెద్దమ్మ ఊరుకుంటేనా!

"ఏట్రా, ఇంకా ఆ బండేటి? లేచి నడు."

ఆవిడకి మైక్రాన్లేం చెప్పను? "అంటు కట్టిన మామిడి కొమ్మని రోజూ ఊపితే పట్టుద్దా పెద్దమ్మా?" అన్నాను. మళ్లీ అడగలేదు. ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమానుని మేడ మీంచే చూశాను.

తర్వాతి ఎక్స్‌రేలో గరుకు భాగం చుట్టూ నల్లగీత లేదు, అంటే ఎముక పట్టినట్టే. కింది కొన దగ్గర మాత్రం సన్నగా ఉంది. గుండె జారింది. "అది నున్నటి చోటు, అక్కడ ఎముక పట్టక్కర్లేదు" అని డాక్టరు గారు తేలిగ్గా తీసేశారు.

తొడలో అప్పుడప్పుడు నొప్పి ఉంది. కర్ర మానేశాను. బాసింపట్టు వెయ్యొద్దన్నారు కాబట్టి పెళ్లి బంతిలో నాకు కుర్చీ వేయించుకుంటున్నాను. ఇంట్లోవాళ్లు మొహమాటపడుతున్నారు గానీ నాకేం లేదు.