చెరువుల సైటుకు పాత డొమైన్ కావాలా? జూన్ నుంచి డిసెంబర్ దాకా జరిగిన పని

జూన్

కాకతీయుల కాలపు చెరువులు, మెట్ల బావుల మీద తెలుగులో ఒక సైటు పెట్టాలని చాలాకాలంగా కోరిక. ఒక్కో చెరువుకు ఒక పేజీ. అది ఏ మండలంలో ఉంది, హన్మకొండ నుంచి బస్సు ఎక్కడ దొరుకుతుంది, కట్ట మీద ఎంత దూరం నడవొచ్చు, తూములు ఎక్కడున్నాయి, మత్తడి ఎప్పుడు దుంకుతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. పాకాల, రామప్ప, లక్నవరం ఫొటోలు ముందే తీసి పెట్టుకున్నాను. పని ఆగింది డొమైన్ దగ్గర, అంటే సైటు చిరునామా పేరు దగ్గర.

మా బావకు హన్మకొండలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. 2011లో ఒక డాట్ కామ్ పేరు కొని, ఏటా రెన్యూ చేస్తూనే ఉన్నాడు. సైటు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. "కొత్తది ఎందుకు బామ్మర్దీ, నాది ఉత్తగనే పడి ఉంది కదా, వాడుకో. పాత డొమైన్‌ను గూగుల్ ఎక్కువ నమ్ముతదట" అన్నాడు. ఆ మాట నేనూ చాలాచోట్ల విన్నదే. సరే, చూద్దామని సైటును రెండుగా విడగొట్టాను. చెరువుల పేజీలు కొత్తగా కొన్న డాట్ ఇన్ మీద, మెట్ల బావుల పేజీలు బావ డాట్ కామ్ మీద. రెండింటికీ ఒకే హోస్టింగ్ (పేజీలు ఉంచే సర్వర్), ఒకే డిజైన్.

కొత్త డొమైన్ కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి ఆగిపోకండి, రెండో ఏడాది రెన్యూవల్ ధర కూడా చూడండి. పదేళ్లకు ఒకేసారి కడితే గూగుల్‌లో పై ర్యాంకు వస్తుందని చెప్పేవాళ్ల మాట పట్టించుకోనవసరం లేదు. ఆ మాట పుట్టిన చోటు తెలిస్తే మీకే అర్థమవుతుంది.

ఆ మాట ఎక్కడిది

2003 డిసెంబర్‌లో గూగుల్ ఒక పేటెంట్‌కు దరఖాస్తు చేసింది. 2005లో అది బయటికి వచ్చింది. ఒక పేజీ మొదట ఎప్పుడు కనబడింది, దానికి లింకులు ఏ వేగంతో పెరిగాయి, పేజీ ఎంత తరచుగా మారుతోంది, ఇలాంటి కాలానికి సంబంధించిన గుర్తులను ఎలా వాడొచ్చో అందులో రాశారు. నిజాయితీ గల డొమైన్లకు చాలాసార్లు కొన్నేళ్ల డబ్బు ముందే కడతారని, మోసపు డొమైన్లు ఏడాదికి మించి వాడకంలో ఉండడం అరుదని కూడా అందులో ఉంది. డొమైన్లు అమ్మేవాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలింది. పేటెంట్‌లో ఉన్నదంతా వాడకంలోకి వచ్చిందనడానికి లేదు.

2010లో గూగుల్ ఇంజనీర్ మాట్ కట్స్ ఒక వీడియోలో, ఆరు నెలల డొమైన్‌కూ ఏడాది డొమైన్‌కూ తేడా పెద్దగా ఉండదని చెప్పారు. 2019లో అదే సంస్థలోని జాన్ ముల్లర్ ఇంకా సూటిగా, డొమైన్ వయసు వల్ల ఏ లాభమూ లేదని తేల్చారు. తర్వాత 2024 మే నెలలో గూగుల్ లోపలి పత్రాలు కొన్ని బయటపడ్డాయి. వాటిలో 'హోస్ట్ ఏజ్' (సైటు వయసు) అనే పేరు కనబడేసరికి, చూశారా, వయసు లెక్కలో ఉందని చాలామంది అన్నారు. అక్కడి వివరణలో ఉన్నది మాత్రం కొత్తగా పుట్టిన స్పామ్‌ను, అంటే చెత్త సైట్లను, పక్కన పెట్టడానికి వాడతామని. ఆ పత్రాలు తమవేనని గూగుల్ ఒప్పుకుంది, సందర్భం తెలియకుండా అర్థాలు తీయొద్దని కూడా చెప్పింది.

గూగుల్ వాళ్లు చెప్పిన మాటకూ ఈ పత్రాలకూ నాకు పేచీ కనబడలేదు. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడిని కొన్నాళ్లు గమనిస్తారు, అంతమాత్రాన ముందు నుంచి ఉన్నవాళ్లందరికీ పెద్దమనిషి హోదా ఇవ్వరు. కొత్త సైటు మీద కొంత నిఘా ఉండొచ్చు. పాతదైనందుకు మార్కులు కలుస్తాయని మాత్రం ఎక్కడా లేదు. పాత సైట్లు పైన కనబడేది ఇన్నేళ్లలో వాటికి చేరిన లింకులు, పేజీలు, పేరు పెట్టి వెతికే జనం వల్ల.

జూలై

రెండు సైట్లనూ సెర్చ్ కన్సోల్‌లో చేర్చాను. మన సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సాధనం అది. డొమైన్ సెట్టింగుల్లోకి వెళ్లి, సెర్చ్ కన్సోల్ ఇచ్చిన టెక్స్ట్ రికార్డును డీఎన్‌ఎస్‌లో (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే వివరాల్లో) అతికిస్తే సరిపోతుంది. రెండింటి సైట్‌మ్యాప్‌లూ (సైటులోని పేజీల జాబితాలు) ఒకే రోజు ఇచ్చాను.

డొమైన్ పుట్టిన తేదీ చూడాలంటే ఇప్పుడు ఆర్‌డీఏపీ లుకప్ ఉంది, డొమైన్ నమోదు వివరాలు చూపే సేవ అది. చాలా డొమైన్లకు పాత హూయిజ్ స్థానంలో 2025 జనవరి నుంచి అదే అధికారికం. అక్కడ కనబడే తేదీని బట్టి సైటు చరిత్ర తెలియదు. డొమైన్ చేతులు మారినా ఆ తేదీ మారదు. గడువు దాటి పూర్తిగా డిలీట్ అయ్యాక ఎవరైనా మళ్లీ కొంటే తేదీ కొత్తగా మొదలవుతుంది. అందుకే బావ డొమైన్‌ను వేబ్యాక్ మెషీన్‌లో (సైట్ల పాత రూపాలను దాచి ఉంచే చోటు) కూడా చూశాను. ఇన్నేళ్లూ ఖాళీ పార్కింగ్ పేజీ తప్ప ఏమీ లేదు. మచ్చ లేదు, పేరూ లేదు.

ఇదే రోజుల్లో ఒక ఏజెంటు 'పదేళ్ల డొమైన్' అని ఇంకొకటి చూపించాడు. వేబ్యాక్‌లో వెనక్కి వెళ్తే మొదట ఏదో కోచింగ్ సెంటర్ సైటు, తర్వాత మనకు అర్థం కాని భాషలో బెట్టింగ్ పేజీలు. గడువు తీరిన డొమైన్ కొని, దాని పాత పేరును వాడుకుని పనికిరాని పేజీలను పైకి తేవడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో చేర్చింది. నా సైటు అలాంటిది కాకపోయినా, ఎవరో చేసిన పాపం నా చెరువుల మీదికి ఎందుకు? వద్దన్నాను.

ఆగస్టు, సెప్టెంబర్

రెండు సైట్లలోనూ హోమ్ పేజీలు ముందు ఇండెక్స్ అయ్యాయి, అంటే గూగుల్ జాబితాలో చేరాయి. లోపలి పేజీలు చాలాకాలం 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' (పేజీ ఉందని తెలిసింది, ఇంకా చేర్చలేదు) దగ్గరే ఉన్నాయి. 2011 నాటి డొమైన్‌కు ఏ తొందరా కనబడలేదు. విషయాలు వేరు కాబట్టి ఇది పక్కా పోలిక కాదు, కానీ వయసుకు బలం ఉంటే కొంచెమైనా తేలాలి కదా.

ముందుకు వెళ్లింది కొత్త సైటే. కారణం వానలు. మత్తడి దుంకుతోందా, బస్సు ఉందా అని జనం వెతికే కాలం అది. నా పేజీల్లో ఆ సమాధానాలు ఉన్నాయి. అన్నిటికంటే బాగా పనిచేసింది జిల్లాల సంగతి. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. రామప్ప ఉన్న పాలంపేట అప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలోకి వచ్చింది. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఎన్నో ఏళ్ల నాటి పేజీల్లో ఇప్పటికీ రామప్ప వరంగల్ జిల్లాలోనే ఉంటుంది. నేను ప్రతి పేజీలో ఇప్పటి జిల్లా, మండలం, పాత జిల్లా పేరు మూడూ రాశాను. 'రామప్ప ఏ జిల్లా' అని వెతికినవాళ్లకు నా పేజీ కనబడడం మొదలైంది. సెర్చ్ కన్సోల్‌లో ఆ వరుస చూసిన రోజు చాలా సంతోషపడ్డాను. పాతబడిన సమాచారాన్ని డొమైన్ వయసు కాపాడలేదని నా కళ్లతో చూశాను.

అక్టోబర్

బావుల సైటు కదిలింది ఒక లింకుతో. ఒక డిగ్రీ కాలేజీ హిస్టరీ లెక్చరర్ విద్యార్థుల ఫీల్డ్ ట్రిప్ కోసం శివనగర్ మెట్ల బావి, ఖిలా వరంగల్ అక్కాచెల్లెళ్ల బావి పేజీల లింకులను కాలేజీ సైటులోని ఒక పేజీలో పెట్టారు. నేను అడగలేదు. ఇండెక్స్ కాకుండా ఉన్న పేజీలు ఆ తర్వాతే లోపలికి వెళ్లాయి. ఇన్నేళ్ల డొమైన్ వయసు తేలేని కదలికను ఆ ఒక్క పేజీ తెచ్చిందని నా నమ్మకం. అప్పటి నుంచి నా ఆదివారాలు కొలతలకూ ఫొటోలకూ పోతున్నాయి. ఒకరు తమ పాఠంలో పెట్టుకోగలిగేంత పక్కాగా ప్రతి పేజీ ఉండాలి.

డిసెంబర్

రెండు సైట్లు నడిపితే వచ్చే లింకులు కూడా రెండుగా చీలిపోతాయి. అందుకే అన్నీ డాట్ ఇన్ మీదికి తెస్తున్నాను. బావ ముందు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. లెక్కలు చూపించాక "సరే, నీ ఇష్టం, కానీ డొమైన్ మాత్రం వదలను" అన్నాడు. వదలొద్దనే నేనూ చెప్పాను. బావుల పేజీ ఒక్కోదాన్ని కొత్త చోటులోని దాని జోడీ పేజీకే 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించడం) చేస్తున్నాను, అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించకూడదు. సెర్చ్ కన్సోల్‌లో 'చేంజ్ ఆఫ్ అడ్రస్' (చిరునామా మారిందన్న సమాచారం) కూడా ఇవ్వాలి. ఆ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచాలన్నది గూగుల్ సలహా, అంటే బావ వచ్చే రెన్యూవల్ డబ్బు ఈసారి నేనే కడతాను. 2026 జనవరి చివర్లో మేడారం జాతర. దానికి ముందే లక్నవరం పేజీలో బస్సుల వివరాలు సరిచేయాలి.