ఎయిర్ సస్పెన్షన్ దాచేసే బరువు: పెద్ద లగ్జరీ ఎస్‌యూవీతో ట్రైలర్ లాగేవాళ్ళకి

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ గానీ బోటు గానీ కొందామనుకున్న ప్రతివాళ్ళూ ముందు చూసేది టోయింగ్ కెపాసిటీ, అంటే బండి లాగగలిగే బరువు అంకె. సరైన టో ప్యాకేజీ ఉంటే లింకన్ నావిగేటర్‌కి 8,700 పౌండ్ల దాకా, ఇన్ఫినిటీ క్యూఎక్స్80కి 8,500, లెక్సస్ ఎల్ఎక్స్ 600కి 8,000. "మన ట్రైలర్ ఆరున్నర వేలేగా, ఇంకా రెండు వేలు మిగిలింది" అనుకుని సంతకం పెట్టేస్తారు. తప్పు ఇక్కడే మొదలవుతుంది.

బరువు ఎక్కువైతే మామూలు బండి తనే చెబుతుంది. వెనక కుంగుతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, స్టీరింగ్ తేలికవుతుంది, ఇంజన్ మూలుగుతుంది. లగ్జరీ బండిలో కుంగిన వెనక భాగాన్ని ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు ఉండే గాలి సంచులు, పైకి లేపేస్తుంది, ఇంజన్ మోత లోపలికి రాదు, స్టీరింగ్ ఎప్పుడూ వెన్నలాగే తిరుగుతుంది. అందుకే ఈ బళ్ళ విషయంలో ఒంటికి తెలిసేదాన్ని నమ్మకూడదు, అంకెల్ని నమ్మాలి. ఆ అంకెలు బ్రోషర్లో ఉండవు.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని అందులో రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఆ అంకె మీ బండికి మాత్రమే వర్తిస్తుంది. సన్‌రూఫ్, 22 అంగుళాల చక్రాలు, వెనక స్క్రీన్లు, కరెంటుతో దిగే మెట్లు, ఇలా ఒక్కొక్కటి చేరిన కొద్దీ పేలోడ్ తగ్గుతుంది. ఒకే మోడల్లో బాగా ఖరీదైన ట్రిమ్ తరచుగా తక్కువ మోస్తుంది.

ఒక లెక్క వేద్దాం. స్టిక్కర్ మీద 1,500 పౌండ్లు ఉందనుకోండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఇద్దరు పిల్లలు, మీరిద్దరు: ఆరుగురికీ కలిపి 700. బియ్యం, కూలర్, పెట్టెలు ట్రైలర్లోనే పెట్టేశారు, మంచిదే. ట్రైలర్‌ని బండికి తగిలించే హిచ్ సామాను బరువు 90. ట్రైలర్ నిండాక 6,800. దాని ముక్కు హిచ్ మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, 13 శాతం చొప్పున 884. మొత్తం 1,674. లాగే సామర్థ్యం ఇంకా బోలెడు ఉన్నా, మోసే సామర్థ్యం 174 పౌండ్లు దాటిపోయింది. వెనక్కి లెక్కిస్తే ఈ కుటుంబానికి హిచ్ మీద మిగిలింది 710, అంటే నిండిన ట్రైలర్ సుమారు 5,450 పౌండ్లు దాటకూడదు.

మరి కంపెనీ అంత పెద్ద అంకె ఎలా ఇచ్చింది? చాలా కంపెనీలు పాటించే జే2807 పరీక్షా విధానంలో ఈ తరగతి బండిలో ఉండేది ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున ఇద్దరే, టంగ్ వెయిట్ 10 శాతమే. అది అబద్ధం కాదు గానీ, మూడు వరసలూ నింపుకుని బయల్దేరే ఇంటికి సరిపోదు. డీలర్ చెప్పే ట్రైలర్ ఖాళీ బరువు కూడా ఇలాంటిదే. నీళ్ళు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు ఎక్కుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో నీటి కనెక్షన్ ఉంటే ఖాళీ ట్యాంకుతో వెళ్ళండి.

టంగ్ వెయిట్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఈ సంగతి కొత్తేమీ కాదు. బరువంతా ఇరుసుకి వెనక పడితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది, ముందుకు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. ట్రైలర్ ముక్కు తేలికైతే తోక ఊగడం మొదలవుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. వెనక బంపర్ మీద నాలుగు సైకిళ్ళు తగిలించినా చాలు, ముక్కు తేలికవుతుంది. బరువైన సామాను ఇరుసుల దగ్గర, కాస్త ముందుకు, కింద సర్దండి.

రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే చదరపు గొట్టం) మీద ఉన్న స్టిక్కర్‌ని కూడా వంగి చదవాలి. రెండు అంకెలుంటాయి: మామూలు బాల్ మౌంట్‌తో (ట్రైలర్ కూర్చునే గుండు ఉన్న కడ్డీ) ఎంత, బరువును ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో ఎంత అని. పెద్ద ఎస్‌యూవీల్లో చాలావాటికి 5,000 పౌండ్లు దాటితే రెండోది తప్పనిసరి. హిచ్ బాల్ వెనక ఇరుసుకి నాలుగైదు అడుగుల వెనక ఉంటుంది కాబట్టి అక్కడ బరువు పడితే ఏతంలాగా ముందు చక్రాలు తేలికవుతాయి. ఎయిర్ సస్పెన్షన్ వెనక భాగాన్ని ఎత్తు చేస్తుందే గానీ, ముందు చక్రాల మీద పోయిన బరువును తిరిగి తేలేదు. బండి చూడ్డానికి సమంగా నిలబడుతుంది, ముందు టైర్లకి పట్టు మాత్రం తక్కువే. ఆ బరువును ముందుకు తెచ్చేవి హిచ్‌కి ఉండే స్ప్రింగ్ బార్లు.

ఎంత తేవాలి? పోయిన బరువులో సగం తెమ్మని కొన్ని కంపెనీలు, మొత్తం తెమ్మని కొన్ని రాస్తాయి. కొన్ని యూరప్ బళ్ళ మాన్యువల్స్ ఈ హిచ్ అసలు వాడొద్దంటాయి. మీ మాన్యువల్ ఏమంటే అదే. కొలిచేటప్పుడు ఎయిర్ సస్పెన్షన్ ఏ మోడ్‌లో ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. బార్లు బిగిస్తుండగా సస్పెన్షన్ తనంతట తాను లేస్తే కొలతలన్నీ వృథా, వేళ్ళకీ ప్రమాదం.

అన్నిటికంటే నమ్మదగ్గది హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్, అంటే బళ్ళని తూచే కాటా. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండో దాని మీద, ట్రైలర్ మూడో దాని మీద ఉండేట్టు ఆపాలి. మూడుసార్లు తూచండి: ట్రైలర్‌తో బార్లు బిగించి, బార్లు వదిలేసి, ట్రైలర్ విప్పేసి బండి ఒక్కటే. మూడుసార్లూ లోపల అదే మనుషులు ఉండాలి. ఉదాహరణకి ఒక బండి ఒక్కటే 6,500, ట్రైలర్ తగిలించి బార్లు వదిలేస్తే బండి ఇరుసులు రెండూ కలిపి 7,350. తేడా 850, అదే టంగ్ వెయిట్. ట్రైలర్ ఇరుసుల మీద 5,950 ఉంటే ట్రైలర్ మొత్తం 6,800, శాతం 12.5. బాగుంది. ముందు ఇరుసు 3,150 నుంచి 2,800కి పడి, బార్లు బిగించాక 3,000కి వచ్చిందంటే పోయిన 350లో 200 తిరిగొచ్చింది. సగం చాలన్న బండికి ఇది సరిపోతుంది. వెనక ఇరుసు అంకెను తలుపు దగ్గరున్న వెనక ఇరుసు పరిమితితో పోల్చడం మరవొద్దు.

తగిలించేటప్పుడు కప్లర్ (ట్రైలర్ ముక్కున బాల్ మీద కూర్చునే భాగం) మీద రాసిన సైజు బాలే వాడాలి. 2 5/16 అంగుళాల కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూడా కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలోనే ఊడిపోతుంది. లాచ్ వేసి పిన్ను పెట్టాక ట్రైలర్ జాక్‌ని రెండు మూడు అంగుళాలు పైకి తిప్పండి. బండి వెనక భాగం కూడా లేస్తే కప్లర్ సరిగ్గా పట్టింది. గొలుసులు ముక్కు కింద ఇంటూ గుర్తులాగా దాటించి తగిలిస్తే, కప్లర్ ఊడినా ముక్కు నేల మీద పడకుండా ఊయలలా పట్టుకుంటాయి. ట్రైలర్ ఊడిపోతే పిన్ను లాగి దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే తీగను గొలుసుకో బాల్ మౌంట్‌కో తగిలించేస్తుంటారు. బాల్ మౌంట్ రిసీవర్లోంచి జారిపోతే తీగ దాంతోనే పోతుంది, బ్రేకు పడదు. బండికే విడిగా కట్టాలి. ఆ స్విచ్ పరీక్షించాలంటే 7 పిన్నుల ప్లగ్ తీసేసి, పిన్ను లాగి, బండిని మెల్లగా ముందుకు పోనివ్వండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుని ఆపాలి. వెంటనే పిన్ను పెట్టేయండి, లేకపోతే ట్రైలర్ బ్యాటరీ దిగిపోతుంది.

బ్రేక్ కంట్రోలర్ గెయిన్‌ని, అంటే ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అమరికని, ప్రతి ప్రయాణానికీ సరిచూడాలి. ఖాళీగా ఉన్న చదునైన పొడి రోడ్డు మీద 20–25 మైళ్ళ వేగంలో చేతి మీట ఒక్కటే నొక్కండి. ట్రైలర్ బండిని వెనక్కి గట్టిగా పట్టి లాగాలి, చక్రాలు మాత్రం బిగుసుకోకూడదు. బిగుసుకుంటే ఒక మెట్టు తగ్గించండి.

టైర్ల దగ్గర చాలామంది బండి టైర్లే చూస్తారు, పేలేవి ఎక్కువగా ట్రైలర్‌వి. చల్లగా ఉన్నప్పుడు ట్రైలర్ స్టిక్కర్ చెప్పిన గాలి పూర్తిగా ఉండాలి. టైరు మోసే బరువు తరగతి, అంటే లోడ్ రేంజ్, 'D' అయితే సాధారణంగా 65 పీఎస్‌ఐ, 'E' అయితే 80. గాలి తగ్గితే పక్కగోడలు వంగి వంగి వేడెక్కి పొరలు విడిపోతాయి. టైరు పక్కగోడ మీదుండే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్ళు దాటితే గాడి బాగున్నా మార్చేయండి. వేగ పరిమితి చెప్పే అక్షరం లేని ట్రైలర్ టైరుకి 65 మైళ్ళే హద్దు అనుకోండి. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగేవాళ్ళకి చట్టమే 55 దాటనివ్వదు.

ట్రైలర్ ఊపు మొదలైతే కాలు బ్రేకు మీదకి పోతుంది. పోనివ్వొద్దు. యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ఎదురు తిప్పకండి, కంట్రోలర్ మీట ఒక్కటే మెల్లగా నొక్కండి. వెనక ఉన్న ట్రైలర్ బ్రేకు పట్టి లాగితే వరస సరవుతుంది. బండిలోని ఎలక్ట్రానిక్ స్వే కంట్రోల్ పనిచేసేది ఊపు మొదలయ్యాకే. సామాను తప్పుగా సర్దినదాన్ని అది సరిచేయలేదు.

దిగుడు దగ్గర కూడా ఇదే పద్ధతి: కొండ దిగకముందే వేగం తగ్గించి, టో మోడ్‌లో గేరు దించండి. కొలరాడోలో ఐ-70 మీద 11,158 అడుగుల ఎత్తున్న ఐసెన్‌హోవర్ టనెల్ దాటి పడమరకి దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ఎంత ఖరీదైన బండి బ్రేకులైనా కాలి పట్టు వదిలేస్తాయి. గట్టిగా నొక్కి 10 మైళ్ళ వేగం తగ్గించండి, పూర్తిగా వదలండి, వేగం మళ్ళీ పెరిగాక మళ్ళీ నొక్కండి.

బయల్దేరిన 50 మైళ్ళలోపు ఒకసారి ఆగి, ట్రైలర్ చుట్టూ తిరగండి. ప్రతి చక్రం హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, అన్నీ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒక్కటే కాలుతుంటే అక్కడ బేరింగ్ గానీ అంటుకుపోయిన బ్రేకు గానీ ఉంది, అది తేలేదాకా కదలొద్దు. కొత్తగా చక్రాలు బిగించి ఉంటే అక్కడే టార్క్ రెంచితో నట్లు ఇంకోసారి బిగించండి.