స్విచ్ ఆపాక తొమ్మిది సెకన్లు

బుడమేరు వరద నీళ్లు తీసి రెండు నెలలైనా మా ఇంట్లో ఒక్క తలుపూ సరిగ్గా పడేది కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్నవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. చెక్క పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ పోదు. వెనక గది తలుపైతే భుజంతో తోస్తే గానీ కదిలేది కాదు. వీధంతా అదే పరిస్థితి కాబట్టి వడ్రంగి దొరకడం గగనమైపోయింది. ఒకాయన పది రోజులపాటు రోజూ "రేపొస్తా" అన్నాడు.

గుంటూరులో ఇంటీరియర్ పనులు చేసే మా బావమరిది చూసి చూసి చెక్కని చిత్రిక పట్టే తన కరెంటు ప్లానర్ తెచ్చిచ్చాడు. పది నిమిషాలు దగ్గరుండి నేర్పాడు. "ఒక్కసారికి అర మిల్లీమీటరు మించి తియ్యమాక. మేకులూ స్క్రూలూ ఉన్నయ్యేమో ముందే చూసుకో. స్విచ్ వదిలేసినా లోపల బ్లేళ్ల డ్రమ్ము తిరుగుద్ది బావా, అది ఆగిందాకా కింద పెట్టమాక" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

అన్నీ పాటించాను. బందులు విప్పి, తలుపుని అంచు మీద నిలబెట్టి, గోడ మూలకి ఆనించి కిటికీ ఊచలకి కట్టాను. కళ్లద్దాలు, మాస్కు, చెవుల్లో దూది. వైరు బ్లేళ్ల దారిలోకి రాకుండా భుజం మీదుగా వెనక్కి వేసుకున్నాను. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాసుకునే మనిషికి ఇంత జాగ్రత్త ఎక్కువే అనుకున్నా.

ఆరిన చెక్కయితే పొట్టు ఎగిరి బయట పడుతుంది. నానిన చెక్కది ముద్దలా వచ్చి పక్కనున్న గొట్టంలో ఇరుక్కుంటుంది. మొదటి మూడుసార్లు ప్లగ్గు పీకి చీపురుపుల్లతో తీశాను. నాలుగోసారి స్విచ్ వదిలాను. డ్రమ్ము ఆగేదాకా కింద పెట్టకూడదన్న మాట గుర్తుంది కాబట్టి మిషన్ని కుడిచేత్తో గాల్లోనే పట్టుకుని నిలబడ్డాను. ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి ఊరుకోదు కదా. గొట్టంలోంచి కొద్దిగా బయటికొచ్చిన పొట్టుని లాగబోయి మధ్యవేలు లోపలికి పెట్టాను. చెవుల్లో దూది ఉంది, డ్రమ్ము చప్పుడు వినపడలేదు.

నొప్పి తెలియలేదు. ఎవరో వేలి మీద కర్రతో టక్కున కొట్టినట్టయింది, అంతే. చూసుకుంటే వేలి కొస లోపలివైపు కండ లేదు. ఒక క్షణం తెల్లగా కనిపించి, తర్వాత రక్తం ఎగదన్నింది. అమ్మ పసుపు డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. మా ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, ఉతికిన తువ్వాలు చుట్టి గట్టిగా నొక్కి, నా చెయ్యి పైకెత్తించి ఆటో ఎక్కించింది. పక్కింటి కుర్రాడు ఫోన్ లైటు వేసుకుని పొట్టు కుప్పలో వెతుకుతూనే ఉన్నాడు. తెగిన ముక్కని తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసులో ఉంచి తీసుకెళ్లాలని వాడెక్కడో చదివాడట. వాడి మాట సరైనదే. కానీ ఇది కత్తి కాదు. నిమిషానికి 16,000 చుట్లు తిరిగే డ్రమ్ముకి రెండు బ్లేళ్లు. ముక్క మిగల్చదు, అది కూడా పొట్టే చేస్తుంది.

మొదట వెళ్లిన క్లినిక్‌లో ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి, ఎక్స్‌రే తీసి, ఎముక కొంచెం కత్తిరించి కుట్టేస్తే రేపటికి ఇంటికెళ్లొచ్చన్నారు. తప్పు సలహా ఏం కాదు, త్వరగా మానుతుంది. నాకే మనసొప్పలేదు. సూర్యారావుపేటలో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పక్కనున్న ఉంగరం వేలి వెనకవైపు చర్మాన్ని ఒక పక్క బందు వదలకుండా తలుపు రెక్కలా తెరిచి, దాన్ని మధ్యవేలి గాయం మీద వేసి కుడతారు. కొత్త చోట రక్తనాళాలు పట్టేదాకా ఆ బందు గుండానే రక్తం అందాలి. ఉంగరం వేలి మీద ఖాళీ అయిన చోట మోచేతి కింద నుంచి తీసిన చర్మం అతికిస్తారు. నా తలుపుల సంగతి ఆయనకి తెలియదు, ఆ మాటే ఎందుకు వాడారో.

అలా మూడు వారాలు రెండు వేళ్లూ ఒకదానికొకటి కుట్టేసి ఉన్నాయి. కుడిచేత్తో అన్నం తింటున్నా కదా ఇబ్బందేముంది అన్నవాళ్లున్నారు. ఎడమచెయ్యి చేసే పనులేమిటో వాళ్లు ఒక్కరోజు కూర్చుని ఆలోచించుకోవాలి. చొక్కా గుండీ, పచ్చడి జాడీ మూత, బండి క్లచ్. మిగతావి రాయను. మొదటి రెండు రాత్రులు చెయ్యి దిండ్ల మీద ఎత్తి పెట్టుకున్నా వేలు గుండెతో పాటే కొట్టుకునేది. నిద్ర పడితే కలలో ఆ "టక్".

బందు కోసి వేళ్లు విడదీశాక అయిపోయిందనుకున్నా. అసలు పని అప్పుడే మొదలైంది. రెండు వేళ్లూ కట్టెల్లా బిగుసుకుపోయాయి, మడత పడవు. ఫిజియోథెరపీలో కరిగించిన మైనంలో చెయ్యి ముంచి, మెత్తబడ్డాక ఒక్కో కణుపూ మడిపించేవాళ్లు. వేలి కొసకి దుప్పటి తగిలినా కరెంటు షాకు కొట్టినట్టుండేది. దానికి ముందు దూదితో, తర్వాత తువ్వాలుతో రుద్దమన్నారు, ఆ తర్వాత కందిపప్పు గిన్నెలో చెయ్యి పెట్టి కలపమన్నారు. టీవీ చూస్తూ రోజుకి మూడుసార్లు పప్పు కలిపేవాణ్ణి. ఆ పప్పు వండనని మా ఆవిడ గిన్నె మీద నా పేరు రాసి పెట్టింది.

ఐదో నెలలో టీ గ్లాసు వేడి ఆ కొసకి తెలిసింది. గోరు చిలక ముక్కులా కొద్దిగా వంగింది. జనవరి పొద్దున్న బండి మీద వెళ్తే ఇప్పటికీ సలుపుతుంది. షాపులో కీబోర్డు మీద ఆ వేలు వాడకుండా టైపు చేయడం అలవాటైపోయి, మళ్లీ దాంతో కొట్టడానికి బలవంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది.

వెనక గది తలుపు అన్నాళ్లూ గోడకి ఆనుకునే ఉంది. సంక్రాంతి తర్వాతొక ఆదివారం బావమరిది వచ్చి పని పూర్తి చేశాడు. వరద ఇసుక చెక్కలో పట్టి బ్లేళ్లు మొద్దుబారాయని తిట్టుకుంటూ కొత్తవి వేశాడు. స్విచ్ వదిలినప్పుడల్లా నేను దూరంగా నిలబడి లెక్కపెట్టాను. డ్రమ్ము పూర్తిగా ఆగడానికి తొమ్మిది పట్టింది. ఒకసారి పొట్టు ఇరుక్కుంటే, ఆగిందో లేదో వంగి చూసి వేలు అటు పోనిచ్చాడు. నేను వెళ్లి ప్లగ్గు పీకేశాను.

"ఆగిందిగా బావా" అన్నాడు.

చీపురుపుల్ల చేతికిచ్చాను. అతను పొట్టు తీసేదాకా ప్లగ్గు నా చేతిలోనే ఉంది.